పెరటి ముచ్చట: నట్టల మందు వేసినా నట్టలు ఎందుకు పోలేదు?

ఈ సంచికలో చలికాలపు కూరమడులను గూర్చి వ్రాయవలెనని మేము సంకల్పించి, సగం వ్రాసి ఉంచినాము కూడా. ఇంతలో మన కాలనీలోని ఒక సోదరి నుండి ఉత్తరం వచ్చినది. అది చదివిన తరువాత కూరమడులు ఒక నెల ఆగినా ఫరవాలేదనిపించినది.

ఆ సోదరి భర్త మన కర్మాగారంలో సహాయకునిగా పనిచేస్తున్నారు. క్వార్టరు వెనుక పెరటిలో పది పెట్టలు, రెండు పుంజులు. వాటిలో సగం గ్రామప్రియ, సగం నాటువి. ఇంటికి కావలసినవి ఉంచుకుని మిగిలిన గుడ్లు చుట్టుపక్కల ఇళ్ళకు అమ్ముతారు. ఆ డబ్బుతోనే పాలిటెక్నిక్ చదువుతున్న పెద్దమ్మాయికి బస్సు పాసు, పుస్తకాలు గడుస్తున్నవి. జూన్ నెలలో రోజుకు ఆరేడు గుడ్లు వచ్చేవట, సెప్టెంబరుకు రెండు మూడుకు పడిపోయినవి. రెండు పెట్టలు బాగా చిక్కిపోయినవి. రెట్టలో తెల్లని నూకల వంటివి కనబడితే బజారునుండి నట్టల పొడి తెచ్చి నీళ్ళలో కలిపి పెట్టినారు. రెండు నెలలలో మూడుసార్లు పెట్టినారు. "అన్నయ్యగారూ, మందు మీద నమ్మకం పోయినది. కోళ్ళను అమ్మివేయమని మా అత్తగారు అంటున్నారు. అమ్మివేయమంటారా?" అన్నది ఆమె ప్రశ్న.

ఉత్తరానికి ఉత్తరంతో జవాబు చెప్పడం మాకు నచ్చలేదు. ఒకే కాలనీ కనుక మరుసటి ఆదివారం తెల్లవారుజామున, కోళ్ళను గూటినుండి వదలకముందే, వారి ఇంటికి వెళ్ళినాము. అంత పెందరాళే ఎందుకంటే, రాత్రంతా గూటిలో పడిన రెట్ట అప్పటికింకా తాజాగా ఉంటుంది, ఈగలు ముసరవు, కోళ్ళు కాళ్ళతో తొక్కి కలగాపులగం చేయవు.

మొదట చిక్కిన పెట్టను చేతిలోకి తీసుకున్నాము. కోడి చిక్కినదీ లేనిదీ కంటితో తెలియదు. ఈకలు మోసం చేస్తాయి. రొమ్ము నడుమనున్న ఎముక మీద వేలు పెట్టి నిమరవలెను. ఆరోగ్యంగా ఉన్న పెట్టకు ఆ ఎముకకు రెండు వైపులా కండ గుండ్రంగా నిండి ఉంటుంది. ఈ పెట్టకు అది చాకు అంచువలె తగిలినది. తురాయి ఎర్రదనం పోయి పాలిపోయినది. మేతసంచి మాత్రం నిండుగానే ఉన్నది. తిండి తింటున్నది, ఒంటికి పట్టడం లేదు. ఈ లక్షణం చూడగానే ఎవరైనా నట్టలనే అనుకుంటారు. ఆ సోదరి అనుకున్నదీ అదే. ఆమె ఊహ తప్పు కాదు.

తరువాత గూటి కింద రెట్టను పుల్లతో కదిపి చూచినాము. తెల్లని నూకలు నిజంగానే ఉన్నవి. కాసేపు కన్నార్పకుండా చూస్తే వాటిలో ఒకటి మెల్లగా ముడుచుకుని సాగినది. పక్కనే నిలబడిన చిన్నపిల్లవాడు కెవ్వుమన్నాడు. అవి నూకలూ కావు, చిన్న పురుగులూ కావు. బద్దె పురుగు తన తోకవైపు నుండి తెంపి వదిలే ముక్కలు అవి. ఒక్కొక్క ముక్కలోనూ గుడ్లు నిండి ఉంటాయి.

అప్పుడు పొడి పొట్లం చూపించమన్నాము. దానిమీద పైపరజిన్ అని ఉన్నది. చిక్కు విడిపోయినది. పైపరజిన్ మంచి మందే, చవకైన మందే. కాని అది పెద్ద ఏలికపాము ఒక్కదాని మీదనే చక్కగా పనిచేస్తుంది. బద్దె పురుగును అది ముట్టదు. మూడుసార్లు కాదు, ముప్పయిసార్లు ఇచ్చినా ముట్టదు. దుకాణంలో "కోళ్ళ నట్టలకు మందు" అని అడిగితే వారు ఇచ్చినది అది. ఏ నట్టలు అని వారు అడుగలేదు, వీరు చెప్పలేదు. ఈ సంచికలో మేము చెప్పదలచినది అంతా ఈ "ఏ నట్టలు" అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పెరటి కోళ్ళ కడుపులో ముఖ్యంగా నాలుగు రకాల నట్టలు ఉంటాయి. వీటిలో అన్నింటికన్నా ఎక్కువగా కనబడేది ఏలికపాము. తెలుపు, లేత పసుపు కలిసిన రంగులో, లావుపాటి దారంవలె, మూడు నాలుగు అంగుళాల పొడవు ఉంటుంది. చిన్న పేగులో నివాసం. ఇవి మితిమీరి పెరిగినచో పేగు పూర్తిగా పూడుకుపోయి కోడి చనిపోవడం కూడా కలదు. ఆడ పురుగు రోజూ వేలకొలది గుడ్లు పెడుతుంది. అవి రెట్టతో పాటు నేలమీద పడతాయి. పడిన వెంటనే వాటివలన ప్రమాదం లేదు. వెచ్చగా, తడిగా ఉన్న నేలలో పది పదిహేను రోజులు నాని, లోపల పిల్ల తయారైన తరువాతే అవి అంటుకుంటాయి. అప్పుడు ఇంకొక కోడి గింజతో పాటు ఆ గుడ్డును మింగుతుంది. బయటపడిన పిల్ల పురుగు కొన్నాళ్ళు పేగు పొరలో దూరి దాగుంటుంది, తరువాత బయటికి వచ్చి పెద్దదవుతుంది. మింగిన నాటినుండి మరల గుడ్లు పెట్టేవరకు అయిదు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ లెక్కను పాఠకులు మనసులో ఉంచుకోగోరుతాము, మందు విషయంలో దీనితో పని ఉన్నది.

ఏలికపాము ఎక్కువగా బాధించేది మూడు నెలలలోపు పిల్లలను. పెద్ద కోళ్ళకు కొంత నిరోధశక్తి వస్తుంది. అవి తమకు పెద్దగా నష్టం లేకుండా గుడ్లను మాత్రం నేలమీద చల్లుతూ ఉంటాయి. అందువలననే తల్లులు దిట్టంగా కనబడుతూ ఉండగా పిల్లలు ఎదుగక, రెక్కలు వ్రేలవేసి, కునుకుతూ ఉండడం మనము చూస్తాము.

రెండవది గుడ్డిపేగు పురుగు. అర అంగుళం కూడా ఉండదు. కోడికి చేసే చెరుపు స్వల్పం. అయితే దీని గుడ్డులో వేరొక సూక్ష్మజీవి దాగి ప్రయాణం చేస్తుంది. అది టర్కీ కోళ్ళ కాలేయాన్ని పాడుచేసి చంపుతుంది. సరదాకు టర్కీలను నాటుకోళ్ళతో కలిపి పెంచుతున్నవారు మన కాలనీలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారు ఈ ముక్కను గమనించగలరు. మూడవది వెంట్రుక పురుగు. పేరుకు తగినట్లే వెంట్రుకకన్నా సన్నం, కంటికి దాదాపు ఆనదు. అది ఉన్నదని సూక్ష్మదర్శినియే చెప్పవలెను.

నాలుగవది మన కథలోని బద్దె పురుగు. దీని తీరే వేరు. దీని గుడ్డును కోడి నేరుగా మింగినా ఏమీ కాదు. ముందు ఆ గుడ్డును ఒక చీమో, పేడపురుగో, ఈగో, నత్తో తినవలెను. దాని ఒంటిలో పెరగవలెను. ఆ చీమను కోడి తినవలెను. అప్పుడే కోడి కడుపులో బద్దె పురుగు తయారవుతుంది. బద్దె పురుగులలో పలు జాతులున్నవి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాహనం. చీమల ద్వారా వచ్చే జాతులలో ఒకటి పేగు గోడలో తలదూర్చి బొడిపెలు లేపుతుంది. అటువంటి పేగును కోసి చూచినవారు క్షయ అని భ్రమపడడం కూడా కలదు.

ఇది తెలిసిన తరువాత ఆ పెరడును మరల చూచినాము. మామిడిచెట్టు నీడ. స్నానాలగది నీరు పారే కాలువ పక్కనే మేత చల్లే స్థలం. నూకలు, తవుడు నేలమీదనే పోస్తారు. కోళ్ళు తినగా మిగిలినదానికి చీమలు బారులు తీరి ఉన్నవి. పెట్టలు ముందు నూకలు తిని, తరువాత వడ్డనలో రెండవ వాయివలె చీమలను ఏరుకుని తింటున్నవి. చూడముచ్చటగానే ఉన్నది. కాని మందు ఒక పూట ఇచ్చి, చీమలను మూడు పూటలా తినిపిస్తూ ఉంటే ఆ మందు ఏదైనా ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఆ సోదరి అత్తగారు మమ్ములను పక్కకు పిలిచి, చిన్నప్పుడు వారి ఊరిలో ఒకమారు కోడిగుడ్డు పగులగొడితే లోపల బ్రతికున్న పురుగు కనబడినదనీ, నాటినుండి నేటివరకు తాము గుడ్డు ముట్టలేదనీ, ఇది గాలి సోకడమేనా అనీ అడిగినారు. గాలీ లేదు, ధూళీ లేదు. పేగూ, గుడ్డు వచ్చే దారీ చివరకు ఒకే చోట కలుస్తాయి. కడుపులో ఏలికపాములు బాగా ఎక్కువైనప్పుడు ఒకటి దారితప్పి గుడ్డు దారిలోకి ఎక్కి, పెంకు కట్టకముందే లోపల చిక్కుకుంటుంది. అరుదే గాని వింత కాదు. కోళ్ళ ఏలికపాము మనుషులకు సోకదు. ఈ మాట చెప్పినాము గాని ఆ పెద్దావిడ గుడ్డు తింటానని మాత్రం అనలేదు.

ఇతరుల పొరపాటు చెప్పినాము కనుక మా పొరపాటు దాచడం న్యాయం కాదు. మూడేళ్ళ క్రితం వానలలో మా పెట్ట పద్నాలుగు పిల్లలను దింపినది. నాలుగవ వారంలో పిల్లలు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, ఒకదానిమీద ఒకటి ఒరిగి నిలబడడం మొదలైనది. మేము పెంపకంలో ఆరితేరినవారమన్న ధీమాతో నట్టలే అని తీర్మానించి నట్టల మందు పోసినాము. రెట్టలో ఎరుపు కనబడినా, నట్టలు పేగు కొరికినవి కాబోలునని సరిపెట్టుకున్నాము. నాలుగు రోజులలో తొమ్మిది పిల్లలు పోయినవి. పదవది చావకముందు మా ఇంటావిడ దానిని పశువైద్యశాలకు తీసుకుని వెళ్ళినారు. అది కాక్సిడియోసిస్. పురుగు కాదు, కంటికి కనబడని ఏకకణజీవి. మూడు నుండి ఆరు వారాల వయసులో, తడి చెత్తమీద పెరిగే పిల్లలను పట్టి రక్తపు రెట్టలు చేయిస్తుంది. నట్టల మందులేవీ దానిమీద పనిచేయవు. ఆంప్రోలియం వంటి వేరే మందు నీళ్ళలో కలిపి ఇవ్వవలెను. అది ఇచ్చే రోజులలో బలానికని బి విటమిన్ టానిక్ కలుపరాదు. ఆ మందు పనిచేసేదే ఆ జీవికి బి1 విటమిన్ అందకుండా చేసి గనుక, మనము టానిక్ పోస్తే మందును మనమే చెడగొట్టినట్లు. ఈ సంగతి ఆనాడే తెలిసినది. ఆ సంవత్సరం మా గూటిలో మిగిలినవి అయిదు పిల్లలు. నాలుగు రోజుల ముందుగా వెళ్ళి ఉంటే ఎన్ని మిగిలేవో అని మా ఇంటావిడ నేటికీ గుర్తుచేస్తూ ఉంటారు.

అట్లే కొక్కెర తెగులు. కుమావూ కొండలలోని రాణిఖేత్ పేరుమీద వాడుకలోకి వచ్చిన ఈ రోగంలో ఆకుపచ్చని నీళ్ళ రెట్ట, నోరు తెరచి శ్వాస పీల్చడం, మెడ మెలిపడడం, కాళ్ళు రెక్కలు పడిపోవడం కనబడతాయి. నిన్న ఆడిన కోళ్ళు నేడు వరుసగా వాలిపోతాయి. నట్టల వలన మంద మొత్తం రెండు రోజులలో పడిపోవడం జరగదు. కనుక హఠాత్తుగా ఒకటి తరువాత ఒకటి చనిపోతూ ఉంటే నట్టల మందు వెదుకుతూ కాలయాపన చేయవద్దు. ఆ రోగానికి మందు లేదు, ముందుగా వేయించిన టీకాయే రక్ష. తురాయి పాలిపోవడానికి పేలు, గోమార్లు కూడా కారణం కావచ్చును. రాత్రివేళ దీపంతో గూటి పగుళ్ళను, రెక్క కింది ఈకల మొదళ్ళను ఒకసారి పరిశీలించితే తెలుస్తుంది.

మరి ఇన్నింటిలో ఏది అని తేల్చేది ఎట్లు? రెట్ట పరీక్ష ఒక్కటే నమ్మదగిన మార్గం. ఉదయం పడిన తాజా రెట్టను నాలుగైదు చోట్ల నుండి చెంచాడు చొప్పున తీసి, మట్టి అంటకుండా, మూత గట్టిగా ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, అదే పూట దగ్గరలోని పశువైద్యశాలకు ఇవ్వవలెను. కోళ్ళ వయసు, ఎన్ని ఉన్నవి, ఇంతకుముందు ఏ మందు ఏనాడు ఇచ్చినారు అన్నవి ఒక చీటీమీద వ్రాసి జతచేయండి. అక్కడ చేసే పని వంటింటి పనివలెనే ఉంటుంది. చిక్కని ఉప్పునీటిలో రెట్టను కలిపి వడకట్టి కాసేపు ఉంచుతారు. నట్టల గుడ్లు తేలికైనవి గనుక పైకి తేలుతాయి. పైమీగడను గాజుపలకకు అంటించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఏలికపాము గుడ్డు, వెంట్రుక పురుగు గుడ్డు, కాక్సిడియా అన్నీ వేరువేరుగా గుర్తుపట్టవచ్చును. బద్దె పురుగు మాత్రం గుడ్లను విడిగా గాక ముక్కలతో వదులుతుంది గనుక ఒక్కోసారి ఈ పరీక్షకు చిక్కదు. అందుచేత ఆ తెల్లని ముక్కలు కంటబడితే వాటినే ఏరి చిన్న సీసాలో కొద్ది నీళ్ళతో తీసుకుని పోవలెను. వెళ్ళే వీలు లేనివారు 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య సేవను గూర్చి విచారించగలరు.

ఒకవేళ కోడి చనిపోతే దానిని గోడ అవతల పారవేయకుండా వైద్యశాలకు తీసుకుని పోవడం మేలు. పోయిన కోడి మిగిలినవాటికి ఉపకారం చేయగలదు. పేగును నిలువుగా చీల్చి నీటి పళ్ళెంలో వేస్తే ఏలికపాములు, బద్దెలు విడిగా తేలి కనబడతాయి. పిల్లలెదుట ఈ పని పెట్టుకోవద్దు. చేతులు సబ్బుతో కడుగుకోవడం మరువవద్దు.

ఇక మందులు. ఏలికపాముకు పైపరజిన్ అని చెప్పినాము. అది పురుగును చంపదు, మత్తు వచ్చినట్లు పడవేస్తుంది, అప్పుడు పేగు దానిని బయటికి నెట్టివేస్తుంది. మందు ఇచ్చిన మరునాడు రెట్టలో పురుగులు కనబడితే కంగారు పడవద్దు, మందు పనిచేసినదన్నమాట. గుడ్డిపేగు పురుగు, వెంట్రుక పురుగు కూడా ఉన్నప్పుడు ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్, లెవామిసోల్ వంటివి వాడతారు. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడ్, లేదా తగిన మోతాదులో ఆల్బెండజోల్. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది వైద్యుని నోట రావలెనే గాని మా కలం నుండి గాని, దుకాణదారు నుండి గాని రారాదు.

అయినా మోతాదు లెక్క ఎట్లుంటుందో ఒక ఉదాహరణ చెప్పుట మంచిది, ఎందుకనగా పెరటి పెంపకంలో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. వైద్యుడు ఒక ద్రవ మందును కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారనుకుందాము. సీసామీద 2.5 శాతం అని ఉన్నది. అనగా ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు. మీ పెట్ట కిలోన్నర తూగితే దానికి కావలసినది 15 మిల్లీగ్రాములు, అనగా 0.6 మిల్లీలీటరు. సూది తీసివేసిన చిన్న సిరంజితో కొలువవలెను. "ఒక చెంచా" అని పోస్తే అయిదు మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది రెట్లకు పైగా! కోడిని సంచిలో వేసి కాటాకు తగిలించి తూచండి, కంటి అంచనా వద్దు. తక్కువ పోస్తే పురుగులు చావక, మందుకు అలవాటుపడి మిగులుతాయి. పోసేటప్పుడు ముక్కు పక్కనుండి చుక్కచుక్కగా పోయవలెను. నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరచి ఉంటుంది, గబాలున పోస్తే మందు ఊపిరితిత్తులలోకి పోతుంది. నీళ్ళలో కలిపి పెట్టడం సులువే గాని, నలతగా ఉన్న కోడి నీరు తక్కువ తాగుతుంది. ఎవరికి మందు ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందుతుంది. పది పన్నెండు కోళ్ళకు విడివిడిగా పోయడం అరగంట పని.

పేగు పొరలో దాగిన పిల్ల పురుగులు మొదటి మోతాదుకు తప్పించుకోవచ్చునని పైన చెప్పిన లెక్కనుబట్టి తెలుస్తుంది. అవి పెద్దవై గుడ్లు పెట్టకముందే, రెండు మూడు వారాలకు, రెండవ మోతాదు అవసరమవుతుంది. చాలామంది దీనిని వదలివేస్తారు. మందు ఇచ్చిన తరువాత వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ గుడ్లను తినరాదు, అమ్మరాదు. ఇది ఆ సోదరికి కొంచెం కష్టంగా తోచినది. అయినా వారు ఒప్పుకున్నారు, కొనేవారి ఇళ్ళకు స్వయంగా వెళ్ళి ఫలానా తేదీవరకు గుడ్లు లేవని చెప్పి వచ్చినారు. ఇంకొక మాట: ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో రెక్క కింద వేసే కొక్కెర తెగులు టీకాకు వారం ముందుగా నట్టల మందు ఇప్పించడం మన ప్రాంతాలలో ఆనవాయితీ. నట్టలతో నీరసించిన పిల్లకు టీకా సరిగా పట్టదు.

నాటు మందుల విషయం అడుగుతారని తెలుసును. వాయువిడంగాలు, మోదుగ గింజలు, గుమ్మడి గింజలు, వేపాకు — ఇవన్నీ మన పెద్దలు క్రిములకు వాడినవే. వాటిని మేము తేలిక చేయము. వేపాకు మేతలో కలిపితే మా కోళ్ళు ఏరి పారవేసినవి, అది వేరే సంగతి. కాని కిలోన్నర కోడికి ఎంత, ఏ నట్టకు ఏది అన్న లెక్క వాటికి మన చేతిలో లేదు. చిక్కి శల్యమైన కోడిమీద ఆ ప్రయోగం వద్దు. పొగాకు నీళ్ళు, మైలుతుత్తం మాత్రం ఎవరు చెప్పినా పోయవద్దు. పురుగుకన్నా ముందు కోడి పోతుంది.

మందును మించిన పని నేలది. నట్టల గుడ్డుకు పెంకు గట్టిది. ఫినాయిలు చల్లితే వాసన పోతుందే గాని గుడ్డు చావదు. నీడలో, తడిలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది. దానిని చంపగలిగినవి ఎండ, పొడి, వేడి. కనుక ఆ ఆదివారం అందరమూ కలిసి ఆ పెరటిలో చేసినది ఇది. గూటి చుట్టూ పైమట్టిని రెండంగుళాల మేర చెక్కి తీసినాము. ఆ మట్టిని, రెట్టను పెంటకుప్పలో వేసి తాటాకులు కప్పినాము. కుప్ప బాగా మాగి వేడెక్కితే లోపలి గుడ్లు నశిస్తాయి. అప్పటివరకు ఆ ఎరువును కోళ్ళు కెలికే చోట వేయరాదు. మామిడిచెట్టు కింది కొమ్మలు రెండు కొట్టించినాము. ఎస్టేటు విభాగం అనుమతి ముందే తీసుకున్నారు లెండి. స్నానాలగది నీటిని అరటిపిలకల వైపు మళ్ళించినాము. గూటికి అడుగున వెదురు బద్దలు సందులు విడిచి పరచినాము, రెట్ట కిందికి జారిపోయి కోళ్ళ కాళ్ళకు అందకుండా.

చీమల సంగతి వచ్చేసరికి ఆ ఇంటాయన చీమల మందు డబ్బా తెచ్చినారు. వద్దన్నాము. ఆ మందు తిన్న చీమలను తినేది ఈ కోళ్ళే. మన వంటిళ్ళలో పాల అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే పద్ధతి ఒకటి ఉండేది కదా! అదే ఇక్కడా పనికివచ్చినది. నాలుగు కాళ్ళ చిన్న పీటమీద మేతతొట్టి, కాళ్ళ కింద నీళ్ళతో నాలుగు పాత మూతలు. అరగంటలో తినగలిగినంతే వేసి, మిగిలినది తీసివేయడం. పెరటిలో తిరిగే కోడి చీమను గాని, పేడపురుగును గాని అసలే తినకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. మేతతో మనమే చీమలను పిలిచి విందు చేయకుండా ఉండగలము, అంతవరకే. పిల్లలను పెద్ద కోళ్ళు తిరిగిన నేలమీద గాక వేరే ఎండపొడ ఉన్న మూల గంప కింద పెంచమని చెప్పినాము. ఆకుకూరల తొడిమలు, మునగాకు రోజూ వేయమన్నాము. ఎ విటమిను లోపించిన కోడిని నట్టలు మరింతగా లొంగదీస్తాయి.

మరునాడు రెట్ట డబ్బా, ముక్కల సీసా వైద్యశాలకు వెళ్ళినవి. బద్దె పురుగులతో పాటు ఏలికపాము గుడ్లు కూడా ఉన్నవని తేలినది. అంటే మూడుసార్లు ఇచ్చిన పైపరజిన్ ఏలికపామునయినా పూర్తిగా తీయలేదు. నీళ్ళలో కలిపినందువలన అందరికీ సరిగా అందలేదో, నేలనుండి మరల మరల ఎక్కినవో, బహుశా రెండూనూ. వైద్యులు రెండింటికీ కలిపి మందు వ్రాసి, తూకం ప్రకారం పోయడం చూపించినారు. చిక్కిన రెండు పెట్టలలో ఒకటి అయిదవ రోజున చనిపోయినది. పేగు కోసి చూస్తే బద్దెలు చుట్టలు చుట్టుకుని ఉన్నవట. ఆ సోదరి ఆ రోజు మాకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడలేదు. "ఒక నెల ముందు తెలిసి ఉంటే" అని మాత్రం అన్నారు.

ఇది జరిగి ఆరు వారాలు దాటినది. రెండవ మోతాదు కూడా పూర్తయినది. పాలిటెక్నిక్ అమ్మాయి పాత నోటుపుస్తకంలో గీతలు గీసి తేదీ, గుడ్లు, మందు, రెట్టలో ఏమి కనబడినది అని వరుసలు పెట్టి వ్రాస్తున్నది. గత ఆదివారం మాకు చూపించినది. తొమ్మిది పెట్టలకు ఆ వారం సగటున రోజుకు అయిదు గుడ్లు. జూను నాటి లెక్కకు ఇంకా రాలేదు. కొంత ఈకలు రాల్చే కాలం, కొంత పొద్దు తగ్గిన కాలం కనుక అంతా నట్టల ఖాతాలో వేయలేము. మిగిలిన చిక్కిన పెట్ట రొమ్ము ఎముక చుట్టూ కండ పడుతున్నది గాని గుడ్డు ఇంకా పెట్టలేదు. తెల్లని ముక్కలు పద్దెనిమిది రోజులుగా కనబడలేదని పుస్తకంలో ఉన్నది. రెండవ రెట్ట పరీక్షకు వచ్చే సోమవారం వెళతారు. అత్తగారు కోళ్ళను అమ్మే మాట ఎత్తడం లేదు. మేము వెళ్ళేసరికి పీట కాళ్ళ కింద మూతలలో ఎండిన నీళ్ళను ఆమెయే నింపుతున్నారు.